ఎడమకు లాగే కారు

ఆ ఏడు మార్చి మొదటి వారంలో, మా కారు ఎడమకు లాగుతోందని ఇద్వల్ అన్నాడు. ఆగస్టు ఆఖరి శనివారం అతన్ని చాపెల్ వెనక పూడ్చాం.

ఇద్వల్ నా భర్త. కొండ మీది పొలాల ఇళ్ల నుంచి పిల్లల్ని మినీబస్సులో బడి దగ్గర దించి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం అతని పని. వేల్స్‌లో మా లోయలో సగం మంది జోన్సులు, మిగిలిన సగం డేవిసులు. ఇంటిపేరుతో మనిషిని పోల్చుకోవడం కుదరదు కాబట్టి పేరు వెనక పని తగిలిస్తారు. అతను ఇద్వల్ బస్సు. గ్యారేజీ నడిపే గెథిన్, గెథిన్ స్పానర్. నేను మెరెరిడ్ మ్యాప్. పెళ్లికి ముందు నుంచీ కార్ల క్లబ్బు పెట్టే ర్యాలీ పందేల్లో అతను తోలేవాడు, నేను ఎడమ సీట్లో మ్యాపు ఒళ్లో పెట్టుకుని రాబోయే మలుపులు చెప్పేదాన్ని. ర్యాలీలు మానేశాక కూడా పేరు మిగిలింది.

మా కారు హాట్ హ్యాచ్. చూడ్డానికి ముసలమ్మలు సంతకు వేసుకెళ్లే చిన్న కారే. వెనక డిక్కీ తలుపు, ఐదుగురికి సీట్లు. ముందు మాత్రం దాని ఒంటికి మించిన ఇంజిను. ఆ బలమంతా ముందు చక్రాలకే పోతుంది, తిరగాల్సినవీ అవే. అందుకని గట్టిగా తొక్కినప్పుడు స్టీరింగ్ చేతుల్లో గింజుకుంటుంది. ఈ కార్లు ఇష్టపడేవాళ్లు దాన్ని లోపం అనరు. గుర్రానికి పొగరుంటుంది కదా, అదీ అంతే అంటారు. కాబట్టి కారు లాగుతోందని ఇద్వల్ అన్నప్పుడు నేను గాని గెథిన్ గాని ఆశ్చర్యపోలేదు. ఇదివరకు అది రెండు వైపులా లాగేది. ఇప్పుడు ఎడమకే లాగుతోందని అతని ఫిర్యాదు.

మార్చి ఆఖరుకి గెథిన్ ముందు చక్రాలను రెండుసార్లు సరిచేశాడు. ఇద్వల్ కొత్త టైర్లు వేయించాడు. మూడోసారి వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. కారు పైకెత్తి ఉంది. గెథిన్ దాని కింద నిలబడి తలెత్తి చూస్తున్నాడు.

"ఇంకేం చెయ్యమంటావురా? పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించనా?"

"నువ్వు తోలి చూశావా?" అన్నాడు ఇద్వల్.

"చూశాను. తిన్నగా పోయింది."

"నువ్వు తోలితే ఏదైనా తిన్నగానే పోతుంది. శవాల బండి తోలినట్టు తోలతావు. తొక్కి చూడాలి."

"నీలా తొక్కితే నా గ్యారేజీకి నేనే గిరాకీ. ఇది విను. ఈ దేశంలో ఏ కారైనా చేతులు వదిలేస్తే ఎడమకే పోతుంది. వాన నీళ్లు పోవడానికి రోడ్డు కాలవలోకి వాలుగా వేస్తారు. మనం తోలేది ఆ వాలు పక్కన. నీకిప్పుడు తెలిసిందేమో, అది నేను పుట్టినప్పటి నుంచీ అంతే."

"వాలు నాకు తెలీదా? ముప్పై ఏళ్లు ఈ రోడ్ల మీదే తోలాను."

గెథిన్ చేత్తో ముందు చక్రం తిప్పాడు. "ఇదేంట్రా మరి? కుడి వైపు రిమ్ములు అద్దాల్లా ఉన్నాయి. ఎడమవి ఎలకలు కొరికినట్టున్నాయి. ఆ పక్క అద్దం కూడా మొన్న మార్చాను."

"లాగుతోందని చెప్తున్నా కదా. లాగితే రాసుకోదా?"

గెథిన్ నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. ఇంటికొస్తుంటే మూడో గేరు ఒక పట్టాన పడలేదు. గేర్ల పెట్టె కూడా అరిగిపోయిందన్నాడు ఇద్వల్.

ఏప్రిల్‌లో అతను కొత్త కారు మాటెత్తాడు. అదే కంపెనీ, అదే పేరు, ఆ కారుకి మనవడి వరసయ్యే మోడల్. కార్మార్థెన్ టౌన్లో షోరూముకి వచ్చిందని పత్రికలో చూశాడు.

"కొనకపోయినా ఒకసారి తోలి చూద్దాం. నువ్వు రా."

"నేనెందుకు?"

"మ్యాపు లేకుండా తోలనుగా."

కొత్త కారు తోలి చూడటానికి అతనికో పద్ధతి ఉండేది. క్లబ్బు పత్రికకు రాసే రోజుల్లో పెట్టుకున్నది. ముందు సొంత కారును ఒక రోడ్డు మీద తోలాలి. ఆ వెంటనే, అదే రోడ్డు మీద, అదే టైరు గాలితో కొత్తది తోలాలి. మధ్యలో టీ కూడా తాగకూడదు. తాగితే చేతులు మరిచిపోతాయి అనేవాడు.

ఆ శనివారం పొద్దున వాన లేదు. షోరూము దాటి కొండ ఎక్కే రోడ్డు మీద మా కారును పైదాకా తోలి, వెనక్కి తిప్పుకొచ్చాడు. నేను ఎప్పటిలా ఎడమ సీట్లో కూర్చుని ముందు రోడ్డు చూస్తున్నాను. రెండుచోట్ల ముళ్లకంచె నా కిటికీని గీరింది. "చూశావా, ఎట్లా లాగుతోందో?" అన్నాడు.

షోరూములో కై అనే అబ్బాయి తాళం పట్టుకుని ఎదురొచ్చాడు. మెడలో టై, కాళ్లకు పరుగు పందెం బూట్లు.

"అమ్మా, మీరు వెనక కూర్చోవాలి. ఏమనుకోకండి. రూలు ప్రకారం ముందు సీట్లో నేనుండాలి."

"ఆవిడ సీటు లాగేసుకున్నావు. మలుపులు నువ్వు చెప్తావా?" అన్నాడు ఇద్వల్.

"చెప్తాను సార్. కాని నాకు తెలిసినవి రెండే. ఒకటి పబ్బుకి, ఒకటి ఇంటికి."

నేను వెనక సీటు మధ్యలో కూర్చున్నాను. ఇద్వల్ తోలే కారులో వెనక కూర్చోవడం నాకదే మొదటిసారి.

బయల్దేరిన దగ్గర్నుంచీ ఇద్వల్ తీర్పులు చెబుతూనే ఉన్నాడు. సీటు మాదానికంటే మెత్తన. చేతి బ్రేకు లేదు, దాని బదులు మీట ఉంది. మీట మీద కారు నిలబడుతుందని నమ్మి రాత్రి నిద్రపోవడం తన వల్ల కాదు. ఇంజిను మోత సగం స్పీకర్లలోంచి వస్తోంది.

"రికార్డు వేసినట్టుంది. పక్కింటి వాళ్ల పెళ్లిలాగ."

"వద్దంటే ఆపెయ్యొచ్చు సార్."

"ఆపితే ఏం మిగుల్తుంది?"

కై నవ్వాడు. ఇద్వల్ కూడా నవ్వాడు. తొక్కాడు. కారు కదిలిన తీరుకి నా వీపు సీటుకి అతుక్కుంది. బలం విషయంలో మాది దీనికి సాటి రాదని నాకే తెలిసింది. అతను కాసేపు మాట్లాడలేదు. ఏదైనా నచ్చితే అంతే.

ఆ తర్వాత గంట మోగింది. గీత దాటబోతే మోగే గంట అన్నాడు కై. మళ్లీ మోగింది. స్టీరింగ్ దానంతటదే కొంచెం కుడికి తిరిగింది.

"ఎవరు తిప్పారు?"

"కారే సార్. మనం గీత మీదికి పోతుంటే వెనక్కి తెస్తుంది."

"బడి గంటలా ఉంది. ఆపేయ్."

కై తెర మీద వేలు పెట్టి ఆపేశాడు. రోడ్డు అక్కడ తిన్నగా ఉంటుంది. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క గొర్రెల మేత. కారు మెల్లిగా గోడ వైపు జరిగింది. ఇద్వల్ సరిచేశాడు. మళ్లీ జరిగింది.

"ఇది కూడా లాగుతోంది" అన్నాడు.

"సార్?"

"ఎడమకి. మాదాని లాగే."

"ఇది మొన్ననే లారీలోంచి దిగింది సార్. ఆరువందల మైళ్లు కూడా తిరగలేదు."

"అయితే ఫ్యాక్టరీలోంచే వచ్చుంటుంది ఈ రోగం."

వెనక మధ్యలో కూర్చుంటే రెండు సీట్ల సందులోంచి డ్రైవరు చేతులు రెండూ కనిపిస్తాయి. కుడిచెయ్యి స్టీరింగ్‌ను పట్టుకుని ఉంది. వేళ్లు సర్దుకుంటున్నాయి, వదులుతున్నాయి, మళ్లీ పట్టుకుంటున్నాయి. ఎడమచెయ్యి స్టీరింగ్ మీద ఉంది, కాని పట్టుకుని లేదు. మేకుకి కోటు తగిలించినట్టు మణికట్టు దగ్గర వేలాడుతోంది. దాని బరువుకి స్టీరింగ్ ఎడమకు దిగుతోంది. కుడిచెయ్యి దాన్ని మళ్లీ పైకి తెస్తోంది.

"ఇద్వల్, ఎడమచెయ్యి తీసెయ్యి" అన్నాను.

"తీసేశా."

చెయ్యి అక్కడే ఉంది. కై దాని వైపు చూశాడు, తర్వాత అద్దంలో నా వైపు చూశాడు.

"తీసి చాలాసేపయింది. చూడు, అయినా లాగుతూనే ఉంది" అన్నాడు ఇద్వల్.

కాస్త ముందు ఒక పొలం గేటు దగ్గర వెడల్పు జాగా ఉంది, అక్కడ ఆపమన్నాను. ఆపాడు. ఎందుకని అడిగాడు. నాకు వెనక సీట్లో కడుపు తిప్పుతోందని చెప్పాను. కై దిగి, ఇటు చుట్టి వచ్చి, డ్రైవరు తలుపు తెరిచి, "తిరుగు దారిలో నేను తోలతాను సార్, ఆ కిందిభాగంలో పోలీసులుంటారు" అన్నాడు. పోలీసులు లేరు.

షోరూము దగ్గర నేను మా కారు తాళం తీసుకున్నాను.

"నువ్వు తోలతావా?" అన్నాడు ఇద్వల్.

"కడుపు తిప్పుతోంది. తోలుతుంటే తగ్గుతుంది."

"ఇదెక్కడి వైద్యం?" అన్నాడు గాని, వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు. లైసెన్సు ఉన్నా నేను తోలేది తక్కువ. ఊరు దాటాక నాకు సాయం చెయ్యాలనుకున్నాడో ఏమో, మలుపులు చెప్పడం మొదలుపెట్టాడు. ర్యాలీల్లో నేను చెప్పే మాటల్లోనే, నా గొంతును వెక్కిరిస్తూ. అంకె మలుపు ఎంత ఒంపో చెబుతుంది, కోయొద్దంటే లోపలి అంచు ఎక్కించొద్దని.

"కుడి నాలుగు, గట్టు మీద. కుడి మూడు, కోయొద్దు. కుడి ఐదు, పొడుగ్గా."

ఆ దారిలో మలుపులన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చు. కుడి మలుపు ఒక్కటి కూడా వదల్లేదు. ఎడమ మలుపులు వచ్చినప్పుడు ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ ఊరుకున్నాడు. ఇల్లు చేరేదాకా అతని నోట ఎడమ అన్న మాట రాలేదు.

మర్నాడు ఆదివారం, చాపెల్‌లో ప్రార్థన అయ్యాక గెథిన్‌ను ఇంటికి రమ్మన్నాను. పొయ్యి మీద గొర్రెమాంసం, ఉల్లికాడల పులుసు ఉంది. ముగ్గురం కూర్చున్నాం. కారులో చూసింది చెప్పాను. ఇద్వల్ చెంచా కింద పెట్టలేదు.

"ఈవిడ వెనక కూర్చుని పుస్తకం రాస్తోంది. నా చేతికేం కాలేదు."

"అయితే నా చెయ్యి నొక్కు" అన్నాడు గెథిన్.

"ఏంటిది, పెళ్లిచూపులా?"

"నొక్కరా."

కుడిచేత్తో నొక్కాడు. గెథిన్ మొహం చిట్లించాడు. "ఇంకోటి" అన్నాడు. ఇద్వల్ మళ్లీ కుడిచెయ్యే ఇచ్చాడు. గెథిన్ బల్ల కింద చెయ్యి పెట్టి, అతని ఎడమచేతిని తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు పట్టుకున్నాడు.

"నొక్కుతున్నావా?"

"నొక్కుతున్నాగా."

గెథిన్ చెయ్యి వదిలేశాడు. రొట్టె తుంచాడు, తినలేదు.

"బస్సు కూడా లాగుతోందా?" అని అడిగాడు.

ఇద్వల్ నా వైపు చూశాడు. నేను అతని ఎడమ పక్క కూర్చుని ఉన్నాను. నా కోసం తల బాగా తిప్పి వెతకాల్సి వచ్చింది.

"కొంచెం" అన్నాడు.

"రేపు పొద్దున తీస్తావా?"

"తీయకపోతే? పిల్లలు ఎవరితో పోతారు? గాడిద మీదా?"

"మా మనవరాలు నీ వెనక సీట్లోనే కూర్చుంటుంది, ఇద్వల్. నువ్వు పాడే పాటలన్నీ ఇంట్లో పాడుతుంది. వాళ్లమ్మ చెవులు మూసుకుంటుంది."

ఇద్వల్ పులుసు తాగడం ఆపాడు. తర్వాత కుడిచేత్తో ప్యాంటు జేబులు తడుముకున్నాడు. బస్సు తాళం ఎడమ జేబులో ఉంది. అతనికి అందలేదు. నేను తీసి ఇవ్వబోయాను.

"వద్దు. నేనే ఇస్తాను" అన్నాడు.

లేచి నిలబడి, కుడిచేతిని ఒంటి మీదుగా తెచ్చి, ఎడమ జేబులో దూర్చి, తాళం తీసి గెథిన్ పళ్లెం పక్కన పెట్టాడు.

మెదడులో కుడివైపు గడ్డ ఉందని, ఆసుపత్రిలో తలకు ఫొటో తీసిన రోజే చెప్పారు. కార్డిఫ్ డాక్టరమ్మ ఆ ఫొటోను మా ఇద్దరికీ చూపించింది. ఒంటి ఎడమవైపును కదిలించేదీ, ఎడమవైపున ఏముందో గమనించేదీ ఆ చోటే అని చెప్పింది. చెయ్యి బలం పోవడం ఒకటి, పోయిందని తెలియకపోవడం ఇంకొకటి, రెండూ ఒకే గడ్డ చేసింది అంది. కొంత తీయగలరు, అంతా తీయలేరు.

"నేను కారుకి రెండుసార్లు చక్రాలు సరిచేయించాను డాక్టర్" అన్నాడు ఇద్వల్.

ఆవిడకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆవిడ తల దించుకుని ఏదో రాసుకుంది.

మే నెలలో తల కోశారు. కుట్లు ఎండకముందే లైసెన్సును కవరులో పెట్టి స్వాన్సీలోని లైసెన్సుల ఆఫీసుకి పంపించేశాడు. చిరునామా నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. కవరు మీద అక్షరాలన్నీ కుడి అంచుకు చేరాయి. అయినా అందింది. వంటింట్లో నా కుర్చీని అతని కుడివైపుకు మార్చుకున్నాను. పళ్లెంలో సగం తిని ఇంకా ఆకలి అనేవాడు. పళ్లెం తిప్పితే మిగతా సగం తినేవాడు.

బస్సు పనికి పక్క లోయ నుంచి బ్రిన్ అనే అతను వచ్చాడు. జూన్‌లో ఒకరోజు కొట్లో రొట్టె కొంటుంటే, కొట్టు యజమానురాలు కిటికీలోంచి చూసి, "అదిగో, బ్రిన్ బస్సు వచ్చాడు" అంది. అన్నాక ఇద్వల్‌ను చూసింది. ఆవిడ చేతిలో చిల్లర అలాగే ఉండిపోయింది.

"ఇవ్వమ్మా చిల్లర. ఒక లోయకి ఇద్దరు బస్సులెందుకు?" అన్నాడు ఇద్వల్.

బయటికొచ్చాక, "ఇప్పుడు నేను ఉత్త ఇద్వల్‌ని" అన్నాడు.

ఆ వారంలోనే షోరూము నుంచి కై ఫోన్ చేశాడు. కారు సంగతి కాదన్నాడు, ఊరికే ఎలా ఉన్నారో కనుక్కుందామని. ఇద్వల్ ఫోన్ అందుకున్నాడు.

"బాగా ఆలోచించాను బాబూ. బలంలో నీదే మేలు. సీటు నీది, చేతి బ్రేకు మాది. స్టీరింగ్ విషయంలో రెండూ సమానం. రెండూ ఎడమకే లాగుతాయి."

చివరికి ఇతనే ఆ అబ్బాయిని ఓదార్చి ఫోన్ పెట్టేశాడు.

జులై వచ్చేసరికి ఎడమకాలు కూడా లేవడం మానేసింది. రెండోసారి కొయ్యడం కుదరదని కార్డిఫ్ నుంచి చెప్పారు. ఇంకేమైనా కావాలా అని గెథిన్ అడిగాడు. అది మర్యాదకి అందరూ అడిగే మాటే, జవాబు కోసం కాదు. ఇద్వల్ జవాబిచ్చాడు.

"మా కారు నిజంగా తిన్నగా పోతుందా అని చూడాలి."

"పోతుందని అప్పుడే చెప్పాగా."

"నువ్వు చెప్పావు. నేను చూళ్లేదు. రోడ్డు మీదైతే వాలు ఉంది. నువ్వే అన్నావు."

సముద్రం పక్కన యుద్ధకాలంలో కట్టిన విమానాల మైదానం ఉంది. ఇప్పుడు విమానాలు దిగవు. క్లబ్బు వాళ్లు అక్కడ కార్లు తోలుకుంటారు. గెథిన్ గేటు తాళం సంపాదించాడు. కాంక్రీటు మీద సంచిలోంచి గోళీ తీసి పెట్టాడు. అది కదలకుండా నిలబడింది. "చదును. కాలవ లేదు" అన్నాడు.

ఇద్దరం కలిసి ఇద్వల్‌ను చక్రాల కుర్చీలోంచి ఎత్తి ఎడమ సీట్లో కూర్చోబెట్టాం. గెథిన్ అతని ఎడమచేతిని ఒళ్లో పెట్టి బెల్టు బిగించాడు. నేను స్టీరింగ్ వెనక కూర్చున్నాను.

"తొక్కు. నేను ర్యాలీకొచ్చాను, అంత్యక్రియలకు కాదు" అన్నాడు.

రెండో గేరులో తొక్కాను. స్టీరింగ్ గింజుకుంది. అతను దాన్నే చూస్తున్నాడు. మూడో గేరు ఒక్కసారికే పడింది. నాలుగో గేరు వేసి, రన్‌వే మధ్య తెల్లగీత మీదికి తెచ్చాను.

"ఇప్పుడు వదులు" అన్నాడు.

వదిలాను.

"వదిలావా?"

"వదిలాను."

"రెండూ?"

"రెండూ ఒళ్లో పెట్టుకున్నాను."

అతను కుడిచెయ్యి చాచి నా ఒళ్లో తడిమాడు. ఒక చెయ్యి దొరికింది. దాన్ని పట్టుకుని చూసి, వదిలి, రెండోదాని కోసం వెతికాడు. అదీ దొరికింది. అప్పుడు తలెత్తి ముందుకు చూశాడు.

తెల్లగీత బానెట్ మధ్యలో ఉంది. రన్‌వే చివరిదాకా అక్కడే ఉంది.